చాటింపును సెల్‌ఫోనును: గ్రామసభకు రైతు వచ్చుటెట్లు?

మన సంఘ సభ్యులలో పలువురు ఎరువుల ధర, విత్తనపు మొలక, అప్పు వాయిదా మొదలగు వానిని గూర్చి ఈ పత్రికయందు శ్రద్ధగా చదువుదురు గాని, పంచాయతీ సంగతి యనగానే పుట త్రిప్పివేయుదురు. అది రాజకీయము, మనకెందుకని వారి భావము. కాని పొలమునకు పోవు డొంక, వాననీరు పోవు మురుగు కాలువ, పశువులు త్రాగు కుంట, వీధి దీపము, కుళాయి, శ్మశానపు దారి, ఇవన్నియు పంచాయతీ సంగతులే. భారత రాజ్యాంగమందలి పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను చెప్పుచు, మొట్టమొదట వ్రాసినది వ్యవసాయమును, వ్యవసాయ విస్తరణను. రెండవది భూమి బాగుచేయుట, నేల సంరక్షణ. మూడవది చిన్నతరహా నీటిపారుదల. కావున ఈ పాఠము మన పత్రికకు వెలియైనది కాదు.

గ్రామసభ యనగా నేమో మొదట తెలిసికొందము. పంచాయతీ పాలకవర్గము వేరు, గ్రామసభ వేరు. సర్పంచి, వార్డు సభ్యులు మనము ఎన్నుకొన్నవారు. గ్రామసభ యనగా మనమే. గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును, భూమి కలవాడైనను కౌలుదారైనను కూలియైనను, దానియందు సభ్యులే. 1992లో చేయబడి 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ఈ సభకు రాజ్యాంగములోనే చోటు కల్పించినది. ఆంధ్రప్రదేశపు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఏటా కనీసము రెండు సభలు జరుపవలెనని పెట్టినది. తెలంగాణపు 2018 నాటి చట్టము రెండు నెలలకొక సభ యనినది. 2024 ఆగస్టు 23వ తేదీన ఆంధ్రప్రదేశమందలి 13,326 పంచాయతీలలో ఒక్కనాడే గ్రామసభలు జరిపించిరి. కావున సభలు లేవనుటకు వీలులేదు. సభలు కలవు. సభకు వచ్చి కూర్చుండి, లేచి మాటలాడి, తన మాట తీర్మానములో ఎక్కినదో లేదో చూచుకొని ఇంటికి పోవు రైతులే తక్కువ.

దీనికి కారణము సోమరితనము కాదని మా అభిప్రాయము. నాట్లకు మనుష్యులు దొరకని దినమున పగలు పదకొండు గంటలకు సభ పెట్టినయెడల ఎవరు వత్తురు? వచ్చినను, ఏ సంగతి మాటలాడుదురో ముందుగా తెలియదు. మాటలాడినను, ఆ మాట ఏమైనదో తరువాత తెలియదు. రెండు పర్యాయములు పోయి, అడిగి, జవాబు లేక తిరిగి వచ్చినవాడు మూడవ పర్యాయము పోడు. పిలుపు, ముందటి చర్చ, తరువాతి జవాబు, ఈ మూడును కలిసినప్పుడే జనులు సభకు వత్తురు. పిలుపు మాత్రము గట్టిగా చేసి కడమ రెండింటిని విడిచిపెట్టుటయే మనము చూచుచున్న లోపము. డప్పు పాతదనియు ఫోను క్రొత్తదనియు వాదులాడుకొనువారు ఈ సంగతి గమనింపరు. ఏ సాధనము ఈ మూడింటిలో దేనికి తగినదో చూడవలెను.

డప్పు చాటింపునకున్న గుణము ఇప్పటి సాధనములలో దేనికిని లేదు. చదువు రానివారికిని అది తెలియును. దానికి రీచార్జి అక్కరలేదు. అంతకంటె ముఖ్యమైనదేమనగా, అది అందరి యెదుట జరుగును. ఫోనులో వార్త ఒకరికి వచ్చును, ప్రక్క యింటివారికి రాదు. చాటింపు వీధికంతకు వచ్చును. నాకు తెలియదని సర్పంచి గాని రైతు గాని తరువాత చెప్పుటకు వీలుండదు. దాని లోపములును కలవు. రెండు మూడు వాక్యములకు మించి అది మోయలేదు. ఉదయముననే పొలమునకు పోయినవారు వినరు. పెద్ద వీధిలో నాలుగు మూలలు తిరిగి, కాలువ కావలనున్న శివారు పల్లెకు పోకుండ విడిచిపెట్టుట చాలచోట్ల మేము చూచినాము. ఇందులో చాటువాని తప్పుకంటె అతనికి కూలి ఇయ్యనివారి తప్పే ఎక్కువ. ఒక కులమువారిచేత వెట్టిగా చాటించుకొన్న దినములు పోయినవి, పోవలసినవే. ఒక పూట కూలి పూర్తిగా ఇచ్చి, ఏ యే శివారులకు పోవలెనో చెప్పి పంపినచో పని చక్కగా జరుగును. పశువులు ఇల్లు చేరు వేళకు మనుష్యులును ఇండ్లనుందురు గనుక సాయంకాలము చాటించుట మేలు.

చాటింపులో చెప్పు మాటయు ముఖ్యమే. “గ్రామసభ ఉంది, అందరూ రావాలహో” యనిన ఎవరికిని కదలిక పుట్టదు. “ఎల్లుండి ఆదివారం సాయంత్రం నాలుగింటికి బడి దగ్గర గ్రామసభ. కాలువ అవతల డొంక సంగతీ, కుళాయిల ఖర్చు లెక్కా మాట్లాడతారహో” యనిన, ఆ డొంకలో బండి దిగబడినవాడు తప్పక చెవి యొగ్గును. మైకు పెట్టిన ఆటోకు గాని, గుడి మైకునకు గాని, మసీదు మైకునకు గాని ఇదే సూత్రము వర్తించును. విషయము చెప్పని పిలుపు పిలుపు కాదు.

ఇక ముందటి చర్చ. ఇరువదిమంది యెదుట లేచి మాటలాడుట అలవాటు లేనివారు, ఆ సంగతిని ముందుగా తమవారితో పదిమాట లనుకొనియున్నగాని సభలో నోరు విప్పరు. ఈ విషయమును మన దేశమున స్పష్టముగా చూపిన ప్రయత్నమొకటి 1956లో, అప్పటి బొంబాయి రాష్ట్రమందలి పూనా ప్రాంతమున జరిగినది. ఆకాశవాణివారు యునెస్కో సహాయముతో ఐదు మరాఠీ జిల్లాలలోని 150 గ్రామములలో రేడియో గ్రామ గోష్ఠులను ఏర్పరచిరి. పది వారములపాటు వారమునకు రెండేసి చొప్పున 20 కార్యక్రమములు ప్రసారమైనవి. గోష్ఠివారు ఒకచోట చేరి విని, విన్నదానిని చర్చించి, తమ సందేహములను వ్రాసి పంపిరి. వానికి సమాధానములు తరువాతి ప్రసారములలో వచ్చినవి. పాల్ న్యూరాత్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ గ్రామములను, రేడియో మాత్రముండి గోష్ఠి లేని గ్రామములతోను, రేడియోయే లేని గ్రామములతోను పోల్చి చూచెను. గోష్ఠులున్న గ్రామములలో జనుల తెలివిడి మిక్కిలి పెరిగినది. రేడియో మాత్రమున్న చోట్ల ఆ పెరుగుదల స్వల్పము. రెండుచోట్లను రేడియో పెట్టె ఒక్కటే. భేదము దాని చుట్టును కూర్చున్న మనుష్యులది. 1959లో ఈ గోష్ఠులను దేశమంతటను వ్యాపింపజేసిరి.

అంతకంటె మనకు దగ్గరి సంగతి నెల్లూరు జిల్లాది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతోద్యమము మొదలైనది. కళాజాతాలవారు ఊరూర పాటలు పాడి నాటికలాడిరి. రాత్రి బడులలో స్త్రీలు వాచకము పట్టిరి. ఆ వాచకమందు సారాయివలన చెడిన సంసారమును గూర్చియు, స్త్రీలు ఏకమై దుకాణము మూయించుటను గూర్చియు పాఠములుండెను. దూబగుంట గ్రామపు స్త్రీలు దానిని పాఠముగా చదివి విడిచిపెట్టలేదు. తమ యూరి సారాయి అమ్మకమును ఆపివేయించిరి. దూబగుంట రోశమ్మ పేరు అట్లు రాష్ట్రమంతటికిని తెలిసినది. 1992 నాటికి ఆ కదలిక జిల్లాయంతట ప్రాకి, సారాయి వేలముపాటలనే స్త్రీలు అడ్డగించిరి. దినపత్రికలు ఆ వార్తను ఇతర జిల్లాలకు మోసికొనిపోయినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్ర ప్రభుత్వము సారాయిని నిషేధించినది. ఆ స్త్రీల చేతిలో మొదట నున్నదేమి? పలక, వాచకము, పాట, పదిమంది కూర్చుండుటకు చాప. పత్రికలు తరువాత వచ్చినవి. చాపమీద మాట పండకపోయినచో పత్రికలకు వ్రాయుటకు నేమియు నుండెడిది కాదు.

మిషను పాఠశాలలో చదువుకొన్న మాకు పలక విలువ చిన్ననాటినుండియు తెలియును గాని, పలకతో ఇంత పని యగునని నెల్లూరు స్త్రీలే నేర్పినారు.

మూడవది జవాబు. జవాబనగా ముఖ్యముగా లెక్క. 1994 డిసెంబరులో రాజస్థానమందలి పాలీ జిల్లా కోట్‌కిరానా గ్రామమున, మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను శ్రామికుల సంస్థవారు మొదటి ప్రజావిచారణ జరిపిరి. ఊరి పనులకు వ్రాసిన ఖర్చు లెక్కలను ఆ పనులు జరిగినవనిన ఊరివారి యెదుటనే బిగ్గరగా చదివి, ఇది నిజమేనా యని అడిగిరి. అంతే. అట్టి విచారణలనుండి పుట్టిన పోరాటమే 2005 నాటి సమాచార హక్కు చట్టమునకు దారితీసిన కారణములలో ముఖ్యమైనది. మన ఆంధ్రప్రదేశమున 2006నుండి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు ఆరంభమైనవి. పల్లె యువకులే మస్టరురోళ్లను పట్టుకొని ఇంటింటికి పోయి, నీ పేర ఇన్ని దినములు, ఇన్ని రూపాయలు వ్రాసియున్నది, ముట్టినదా యని అడిగిరి. పేర్లను, మొత్తములను గోడలపై వ్రాసిరి. పిమ్మట మండల కేంద్రమున బహిరంగ సభ జరిపి అధికారుల యెదుట చదివిరి. 2009లో దీనికై ప్రత్యేక సంస్థయే ఏర్పడినది. కాగితమును బీరువాలో నుంచుటయు, ఇంటర్నెట్టులో నుంచుటయు చదువలేనివానికి ఒక్కటే. బిగ్గరగా చదివి వినిపించినప్పుడే అది లెక్క యగును.

ఇందువలన సెల్‌ఫోను పనికిరానిదని మేమనుట లేదు. దానికొక గొప్ప గుణము కలదు: అది మరచిపోదు. చాటింపు గాలిలో పోవును. ఫోనులో పంపిన మాట తేదీతోను గంటతోను నిలిచియుండును. కూలిన తూము, పగిలిన గొట్టము, బురదలో దిగబడిన ట్రాక్టరు, వీనిని ఫొటో తీసి పంపినయెడల, అట్టిదేమియు లేదని చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. పట్టణములో పనికి పోయినవారు సైతము తమ యూరి సంగతి తెలిసికొని మాట చెప్పవచ్చును. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ అను వెబ్‌సైటులో మీ పంచాయతీ పేరు వెదకి, ఆ యేటి ప్రణాళికలో ఏ యే పనులు వ్రాసిరో, ఎంత ఖర్చు చూపిరో ఎవరైనను చూడవచ్చును. దానికి రహస్యపదము అక్కరలేదు. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ‘మన మిత్ర’ పేర 161 సేవలతో వాట్సాపుద్వారా పాలన మొదలుపెట్టినది. ధ్రువపత్రములకును ఫిర్యాదులకును దానివలన కచేరీ చుట్టు తిరుగుట తగ్గును. కాని తన పత్రము తాను తెచ్చుకొనుట వేరు, ఊరి పని ఊరు నిర్ణయించుట వేరు. మొదటిది సేవ, రెండవది పాలన. ఫోనులో మొదటిది సులువైనకొలది రెండవదానిని జనులు మరచిపోవుదురేమోయని మాకు అప్పుడప్పుడు సందేహము కలుగుచున్నది.

2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారు సభాసార్ అను సాధనమును త్రిపుర రాష్ట్రమున మొదలుపెట్టిరి. సభలో రికార్డు చేసిన మాటలనుండి యంత్రమే తీర్మానముల సారాంశమును వ్రాసిపెట్టును. ఇది మంచిదే, చెప్పని మాటను వ్రాయుట, చెప్పిన మాటను విడిచిపెట్టుట తగ్గవచ్చును. అయితే సభలో నోరు మెదపనివాని మాటను ఏ యంత్రమును వ్రాయజాలదు.

డబ్బు సంగతి ఒకటి ఇచ్చట చెప్పవలసియున్నది. అది తెలియకనే అనేక అర్జీలు వృథాయగుచున్నవి. 2021 మొదలు 2026 వరకు పదునైదవ ఆర్థిక సంఘము పంచాయతీల కిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే కట్టుబడినవి. కడమ 40 వంతులు, జీతములకు, కార్యాలయపు ఖర్చులకు గాక, ఊరి అవసరమునుబట్టి ఖర్చు చేయదగినవి. డొంకకు గులక పోయుమని అడుగువాడు ఆ 60 వంతులలోనుండి అడిగినచో సెక్రెటరీ కాదనును. అతడు చెప్పినది నిజమే. 40 వంతులలో ఈ యేడు మిగిలినదెంత యని అడిగినవానికి మాత్రము అంకెతో జవాబు చెప్పవలసియుండును. ఏ నిధి వచ్చినను మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఇందులో కట్టుబడినదెంత, కట్టుబడనిదెంత?

మేము ప్రదర్శన క్షేత్రములు వేయు గ్రామములలో ఒకదానియందు ఈ మూడు సంగతులును ఎట్లు పనిచేసినవో చెప్పెదము. ఊరి పేరు అనవసరము. అక్కడ కాలువ కావలి పొలములకు పోవు డొంక రెండు ఫర్లాంగుల పర్యంతము వానకాలమున మోకాలి లోతు బురద. వరికోత యంత్రము దిగదు. రైతులు గింజను తలలమీద మోసి ట్రాక్టరు దాక తేవలసివచ్చెడిది. తడిసిన గింజకు తేమ పేర ధర తగ్గించెడివారు. పంచాయతీకి ఒక వాట్సాపు గుంపు ఉండెను. దానియందు శుభోదయములు, జన్మదిన శుభాకాంక్షలు, నాయకుల బొమ్మలు రోజునకు నూరుదాక వచ్చెడివి. గ్రామసభ నోటీసు ముందటి రాత్రి తొమ్మిది గంటలకు ఆ బొమ్మల నడుమ వచ్చెను. చాటింపు పెద్ద వీధిలో మాత్రమే జరిగెను. మరునాడు నాట్లు. సభకు వచ్చినవారు వేళ్లమీద లెక్కింపదగినంతమంది; సంతకములను తరువాత ఇండ్లకు పోయి తీసికొనిరి. పెద్ద వీధిలో సిమెంటు రోడ్డు వేయుటకు తీర్మానమైనది. డొంక మాట ఎత్తినవారు లేరు.

మరుసటి యేడు ఆ కాలువ కావలి రైతులును, మహిళా పొదుపు సంఘమువారును కొంచెము వేరుగా నడచిరి. వారు మొదట చేసినది, వాట్సాపు గుంపును పెంచుట కాదు, విడదీయుట. వీధికొకటి చొప్పున పదిపదునైదు ఇండ్లకు చిన్న గుంపులు పెట్టి, ఒక్కొక్కదానికి చదువు వచ్చిన ఆడపిల్ల నొకతెను బాధ్యురాలిని చేసిరి. సభకు పది దినములు ముందుగా ఆ పిల్లలు ఈ-గ్రామస్వరాజ్‌లోనుండి కిందటి యేటి పనుల పట్టిక తీసి, సాయంకాలము అరుగులమీద చదివి వినిపించిరి. ఫలానా కాలువ పూడిక తీసినట్లు వ్రాసియున్నది, తీసినారా? ఒకరు తీసిరనిరి, ఒకరు లేదనిరి. అక్కడినుండి మాటలు మొదలైనవి. ఫోను లేనివారును ఆ అరుగులమీదనే ఉండిరి. డొంక గతిని మూడు వానలలో మూడు ఫొటోలు తీసిరి. అర్జీ రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై పంచాయతీ ముద్ర, తేదీ వేయించుకొనిరి. సభను ఆదివారము సాయంకాలమునకు మార్చుమని ముందుగానే కోరిరి; సర్పంచి ఒప్పుకొనెను. చాటింపు కూలి ఆ పర్యాయము పొదుపు సంఘమే ఇచ్చినది. చాటువాడు కాలువ దాటి రెండు శివారులు తిరిగి వచ్చెను.

సభ పెద్దగా జరిగినది. గొడవయు జరిగినది. పెద్ద వీధివారికి మిగిలిన రోడ్డు కావలెను. కాలువ కావలివారికి డొంక కావలెను. కట్టుబడని సొమ్ము రెండింటికిని చాలదు. చివరకు డొంకకు సగము దూరము గులక పోయుటకు తీర్మానమైనది. ఆ సగము పని జరిగినది. కోత యంత్రము అంతవరకు పోవుచున్నది. మిగిలిన సగములో ఆక్రమణ ఉన్నదనియు, సర్వే కావలెననియు చెప్పిరి. ఆ సర్వే మేము ఇది వ్రాయునాటికి కాలేదు. అయినను ఆ ఊరివారు ఈసారి సభనుండి పెదవి విరుచుకొని పోలేదు. తీర్మానపు పుట ఫొటో ఆ రాత్రికే చిన్న గుంపులన్నిటికిని చేరినది. దానిని గొంతుతో చదివి రికార్డు చేసి పంపుటవలన చదువురాని ముసలివారు సైతము విన్నారు. సర్వే దరఖాస్తు ఎక్కడనున్నదో నెలకొక పర్యాయము ఆ గుంపులలో చెప్పుచున్నారు. ఏమియు కదలకపోయినచో, కదలలేదని చెప్పుచున్నారు. ఇదియును జవాబే.

ఈ పద్ధతిలో జాగ్రత్తపడవలసిన చోట్లు కొన్ని కలవు. ఫోను ఇంటికి ఒకటున్నదనగానే ఇంటివారందరికిని వార్త చేరినట్లు లెక్కింపరాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను సెల్‌ఫోను గలవారు దేశము మొత్తముమీద నూటికి 54 మంది. పల్లెలలో 47 మంది. ఆ తరువాత కొంత పెరిగియుండవచ్చును గాని, మగవాని జేబులోని ఫోనుకు వచ్చిన పిలుపు వంటయింటికి చేరునని నమ్ముట తెలివి గాదు. స్త్రీలకు వార్త పొదుపు సంఘపు సమావేశములోను, అంగన్‌వాడీ దగ్గరను చెప్పవలెను. కౌలురైతుల సంగతియు నిట్టిదే. భూయజమాని పేరనున్న నంబరుకు వార్త పోవును. అతడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండును. బురదలో దిగువాడు కౌలుదారు.

వదంతి మరియొక చిక్కు. ఎవరో ఎక్కడనో తీసిన వీడియోను మన యూరిదని పంపుదురు. ఫలానావారి పింఛను తీసివేసిరని ఒకరు వ్రాసిన, పదినిమిషములలో ఊరంతయు నిండును. చిన్న గుంపుల మేలు ఇచ్చట కనబడును: పంపినవాడు ఎదురింటివాడే గనుక, ఎక్కడిదని ముఖముమీదనే అడుగవచ్చును. సభ విషయములకై పెట్టిన గుంపులో సభ విషయములుగాక వేరేమియు పంపరాదను నియమము ముఖ్యము. శుభోదయము చెప్పదలచినవారు ఎదురుపడినప్పుడు నోటితో చెప్పుకొనవచ్చును.

చేతిలో ఫోనుకంటె చెవిలో రేడియో పనికివచ్చు చోట్లును కలవు. జహీరాబాదు ప్రాంతమందలి మాచనూరు గ్రామమున 2008 అక్టోబరు 15వ తేదీన ప్రారంభమైన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడిపిరి. తమ విత్తనములు, తమ పాటలు, తమ యాసలో తమకే వినిపించుకొనుటకు అది పుట్టినది. తన యూరి గొంతు రేడియోలో విన్న స్త్రీ సభలో మాటలాడుటకు వెనుదీయదు. అట్టి కేంద్రము ప్రతిచోటను పెట్టుట సాధ్యము కాదు. కాని బుఱ్ఱకథ చెప్పువారు, భజన బృందము, బడిపిల్లల నాటిక, ఇవి లేని గ్రామములు అరుదు. సంక్రాంతికి ముందు ఊరి లెక్కను పావుగంట బుఱ్ఱకథగా చెప్పించిన యెడల, పట్టికను చూచి ఆవులించువారు సైతము కదలక కూర్చుందురు. హాస్యము చెప్పువాడు సర్పంచిని కొంచెము గిల్లినను సర్పంచి నవ్వవలసినదే.

మన సహకార సంఘములు ఇందులో చేయదగిన పని చిన్నదిగాని విలువైనది. సంఘ కార్యాలయపు అరుగు ఏ పక్షమువారిదియు కాదు. ఎరువుల కొరకు అన్ని వీధులవారును అక్కడికి వత్తురు. గ్రామసభకు వారము ముందుగా సభ్యులను అక్కడ కూర్చుండబెట్టి, సాగుకు సంబంధించిన పనులలో ఈ పర్యాయము అడుగవలసిన దేదియో ఒక్కటి నిర్ణయించుకొనవలెను. పది కోరికలు తీసికొనిపోయినవారు ఒకటియు సాధింపలేకపోవుట మేము పెక్కు పర్యాయములు చూచినాము. నోటీసు బోర్డుమీద ఎరువుల నిలువ వ్రాయు సుద్దముక్కతోనే, సభ తేదీ, గంట, అడుగవలసిన పని వ్రాయవచ్చును. మన సంఘపు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు ఎందుకు రారో కూడ ఆ అరుగుమీదనే మాటలాడుకొన్న మంచిదే. ఆ రోగము ఈ రోగము ఒక్కటే.

పంచాయతీ లెక్క చూపనిచోట సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. ఆంధ్రప్రదేశపు 2005 నాటి నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములకు దరఖాస్తు రుసుము లేదు. 30 దినములలో జవాబు రావలెను. అడుగునప్పుడు ‘సమస్త లెక్కలు’ అని అడుగక, ఫలానా ఆర్థిక సంవత్సరమున ఫలానా పనికి వ్రాసిన కొలతల పుస్తకపు నకలు, చెల్లింపు బిల్లు నకలు అని అడుగవలెను. జవాబు వచ్చిన పిమ్మట దానిని జేబులో పెట్టుకొనక అరుగుమీద చదువుడు. తప్పు లేకపోయిన, లేదని కూడ చదువుడు. నిజముగా పనిచేసిన సర్పంచికి ఆపాటి న్యాయము దక్కవలెను.

రాబోవు సభలో సర్పంచి కుర్చీలో కూర్చుండగానే మొట్టమొదట అడుగవలసినది క్రొత్త పని కాదు. కిందటి సభ తీర్మానముల పుస్తకము తెప్పించి, ఒక్కొక్కదానిని చదివించి, ఇది అయినదా, కానియెడల ఎక్కడ ఆగినదని అడుగుడు. చదువునప్పుడు మైకు ఉండవలెను. వెనుక వరుసలోనున్న స్త్రీలకు వినబడుచున్నదో లేదో ఒకరు పోయి కనుగొని రావలెను. ఆ చదువు ముగిసిన పిమ్మటనే మన అర్జీని లోనికి పంపవలెను.